అమెరికా అల్లుడుగారు అమలాపురంలో ఫోన్‌లో భోజనం తెప్పించుకోవాలంటే

మీరు అడిగింది ఇదీ. జనవరి మొదటి వారంలో అమ్మాయి, అమెరికా అల్లుడుగారు మూడు వారాలు ఉండడానికి వస్తున్నారు. వారం రోజులు అమలాపురంలో అద్దె ఫ్లాటులో, మిగతా రోజులు అంబాజీపేట దగ్గర మీ ఊళ్ళో ఉంటారు. ఇద్దరివీ అమెరికా ఫోన్లు, అమెరికా కార్డులు. అల్లుడుగారికి మన కారం పడదు, పైగా వేరుశనగ ఎలర్జీ. వేళ కాని వేళ ఆకలేస్తే స్విగ్గీలోనో జొమాటోలోనో వాళ్ళంతట వాళ్ళే తెప్పించుకోగలరా అని.

తెప్పించుకోగలరండీ. కాకపోతే మన వైపు యాప్ పని ఆర్డరు పెట్టడం వరకే. అక్కణ్ణుంచి గుమ్మం దాకా పార్సిల్ వచ్చేది ఫోన్ కాల్ మీద. డెలివరీ కుర్రాడు సగం దూరం వచ్చి "గుడి దాటాక ఎడం వైపాండీ?" అని అడుగుతాడు. ఆ ఫోను మోగకపోయినా, మోగి అవతలివాళ్ళకి తెలుగు రాకపోయినా ఆర్డరు అక్కడితో ఆగిపోతుంది. అందుకని కార్డు సంగతి తరవాత, ముందు నంబరు సంగతి తేల్చండి.

విదేశాల నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువమంది బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో టూరిస్టు ఈసిమ్ (చిప్పు లేకుండా నేరుగా ఫోన్లోకి ఎక్కే సిమ్) కొనుక్కుంటారు. వాటిలో చాలావాటికి డేటా మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబరు ఉండదు. మ్యాపు తెరుచుకుంటుంది, వాట్సాప్ నడుస్తుంది, యాప్ కూడా దిగుతుంది. ఓటీపీ మాత్రం రాదు, ఎందుకంటే అది రావడానికి నంబరే లేదు. దాన్ని నమ్ముకుని దిగితే మొదటి రాత్రే ఇబ్బంది పడతారు.

అమెరికా నంబరుతోనే నడుస్తుందా అంటే, కొంతవరకు నడుస్తుంది. 2025 ఫిబ్రవరిలో స్విగ్గీ విదేశీ నంబర్లతో లాగిన్ అయ్యే వీలు తెచ్చింది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, యూఏఈ సహా 27 దేశాల నంబర్లకు అది పనిచేస్తుంది. అక్కడి నుంచే అమ్మానాన్నలకు టిఫిన్ పంపించేవాళ్ళకు ఇది బంగారంలాంటి సౌకర్యం, ఎందుకంటే ఇక్కడ పార్సిల్ అందుకునేది తెలుగువాళ్ళే, మోగేది ఇక్కడి ఫోనే. కానీ ఆ విదేశీ ఫోను పట్టుకుని మనిషే ఇక్కడికి వస్తే కథ వేరు. కుర్రాడి ఫోన్లో ఉండేది మామూలు ప్రీపెయిడ్ రీఛార్జి, దాని మీంచి విదేశీ నంబరుకు కాల్ వెళ్ళదు. యాప్ మధ్యలో ఉండి కలిపే కాల్ కూడా రోమింగ్‌లో ఉన్న ఫోనుకు ఒక్కోసారి అందదు. కాబట్టి లాగిన్ ఏ నంబరుతో అయినా సరే, ఆర్డరు పెట్టేటప్పుడు అందుకునే మనిషి నంబరు దగ్గర మీదో, ఇంట్లో తెలుగు వచ్చిన ఇంకెవరిదో ఇక్కడి నంబరు ఇవ్వండి. రెండు యాప్‌లలోనూ వేరొకరి కోసం ఆర్డరు పెట్టే ఏర్పాటు ఉంది, పేరు, నంబరు మార్చుకోవచ్చు.

మూడు వారాలంటే ఇక్కడి సిమ్ తీసుకోవడమే మేలు. అల్లుడుగారి అసలు పాస్‌పోర్టు, వీసా, ఫోటో కావాలి. స్థానికంగా ఒకరి మొబైల్ నంబరు పూచీగా అడుగుతారు, దానికి ఓటీపీ వస్తుంది, కాబట్టి మీరు పక్కన ఉండాలి. ఈ-వీసా అయితే కాగితం మీద ప్రింటు తీయించి పట్టుకెళ్ళండి. సందు చివర రీఛార్జి కొట్టులో విదేశీ పాస్‌పోర్టు మీద సిమ్ ఇవ్వడం సాధారణంగా కుదరదు. వాళ్ళ దగ్గర ఉండేది ఆధార్ మీద వేలిముద్రతో చేసే పద్ధతి. ఎయిర్‌టెల్, జియోల సొంత స్టోరుకే వెళ్ళండి. అంతకన్నా సులువు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగగానే తీసుకోవడం, అక్కడ రోజూ చేసే పని అది. సిమ్ గడువు వీసా గడువుతో ముడిపడి ఉంటుంది. అమ్మాయిది ఇంకా భారత పాస్‌పోర్టే అయి, ఆధార్ ఉంటే మనలాగే పది నిమిషాల్లో సిమ్ వచ్చేస్తుంది. అప్పుడు ఆర్డర్లన్నీ ఆ నంబరు మీద పెట్టుకోవచ్చు. మీ పేరు మీద ఇంకో సిమ్ తీసి అల్లుడుగారి చేతికి ఇవ్వడం మాత్రం వద్దు. ఆ నంబరుతో ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది మీరే.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. అమెరికాలో కొన్న ఐఫోన్ 14, ఆ పై మోడళ్ళకు సిమ్ పెట్టే అరే ఉండదు, ఈసిమ్ ఒక్కటే. స్టోరులో మామూలు సిమ్ తీసుకుని ఇంటికొచ్చాక దూర్చడానికి చోటు లేదని తెలుస్తుంది. అడిగేటప్పుడే "ఈసిమ్ కావాలండీ" అని చెప్పి, అక్కడే ఎక్కించి, మీ ఫోనుకు ఒక కాల్ చేసి చూసి బయటికి రండి. రెండో చిక్కు లాక్. వాయిదాల మీద కొన్న ఫోన్లను అక్కడి కంపెనీలు తమ నెట్‌వర్కుకే కట్టేసి ఉంచుతాయి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే క్యారియర్ లాక్ అని ఉంటుంది. అక్కడ "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని కనబడితే పరవాలేదు. లేకపోతే అమెరికాలో ఉండగానే విడిపించుకోవాలి, ఇక్కడికి వచ్చాక ఏ షాపూ ఏమీ చేయలేదు. ఈ ఒక్కటీ ఇవాళే అమ్మాయికి ఫోన్ చేసి చూడమనండి. వాట్సాప్ లేకపోతే అదీ అక్కడే పెట్టుకుని రావాలి, మొదటిసారి తెరవడానికి నంబరు సరిచూసే కోడ్ వస్తుంది కాబట్టి.

సిమ్ కుదరకపోతే మీ ఇంట్లో పక్కన పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్లో మీ నంబరుతో యాప్ పెట్టి, ఇంటి వైఫై ఇచ్చి వాళ్ళ దగ్గర ఉంచండి. ఒకసారి లాగిన్ అయ్యాక ఓటీపీ మళ్ళీ మళ్ళీ అడగదు. ఏం కావాలో వాళ్ళు ఎంచుకుంటారు, కాల్ మీకు వస్తుంది. పెద్ద ఖర్చు లేని పద్ధతి ఇదే.

ఇప్పుడు డబ్బు. ముందుగా అల్లుడుగారికి చెప్పాల్సింది, ఆయన ఫోన్లో ఉన్న గూగుల్ పే, మన గూగుల్ పే ఒకటి కాదు. అక్కడిది కార్డుల మీద నడిచేది, ఇక్కడిది యూపీఐ. యాపిల్ పే మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. అమెరికా బ్యాంకులు ఇచ్చిన వీసా కార్డులు, మాస్టర్ కార్డులు యాప్‌లో తరచుగా పడతాయి, కానీ మూడు చోట్ల తన్నుతాయి. అక్కడి బ్యాంకు "ఇండియాలో చిన్న మొత్తమా, ఇదేదో మోసం" అనుకుని ఆపేస్తుంది. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ప్రయాణం సంగతి చెప్పుకుంటే ఇది చాలావరకు తప్పుతుంది. రెండోది, బ్యాంకు పంపే కోడ్ అమెరికా సిమ్‌కు వెళ్తుంది, ఆ సిమ్ ఆపేసి ఉంటే కోడ్ చూసే దారి లేదు. రెండు సిమ్‌లూ ఆన్‌లో ఉంచి, డేటా ఇక్కడి సిమ్ మీద, మెసేజీలు ఆ సిమ్ మీద వచ్చేలా పెట్టుకోవాలి. మూడోది, యాప్‌కూ బ్యాంకుకూ మధ్య చెల్లింపు నడిపే పేమెంటు గేట్‌వే ఆ కార్డు తీసుకోకపోవడం. అప్పుడు అదే కార్డుతో పదిసార్లు ప్రయత్నించకూడదు, బ్యాంకు కార్డునే ఆపేస్తుంది. రెండుసార్లు పడకపోతే క్యాష్ ఆన్ డెలివరీకి మారిపోండి. కార్డు పడినా విదేశీ లావాదేవీ రుసుము కొన్ని కార్డులకు 3 శాతం దాకా ఉంటుంది. ఆ రుసుము లేని కార్డు ఉంటే అదే పట్టుకురమ్మనండి. డాలర్లలోనా రూపాయల్లోనా అని ఎక్కడైనా అడిగితే రూపాయలే నొక్కాలి.

అమ్మాయికి ఇక్కడి బ్యాంకులో ప్రవాస భారతీయులకిచ్చే ఎన్ఆర్ఈ గానీ ఎన్ఆర్ఓ గానీ ఖాతా ఉందా? ఉంటే అమెరికా నంబరుతోనే యూపీఐ పెట్టుకోవచ్చు. 2023 జనవరిలో పది దేశాల నంబర్లకు ఆ వీలు ఇచ్చారు, అందులో అమెరికా ఉంది. ఆ బ్యాంకు యాప్ దీన్ని అనుమతించాలి, పైగా నమోదుకు ఆ సిమ్ నుంచే మెసేజీ వెళ్ళాలి కాబట్టి ఇదీ అక్కడ ఉండగా చేసుకోవాల్సిన పనే. అల్లుడుగారి కోసం యూపీఐ వన్ వరల్డ్ అనే వాలెట్ ఉంది. 2023లో జీ20 సమావేశాల వేళ విదేశీయుల కోసం మొదలుపెట్టారు. పాస్‌పోర్టు, వీసా చూపించి తీసుకుని, విదేశీ కార్డుతో డబ్బు నింపుకోవాలి. దానితో వ్యాపారులకే చెల్లించవచ్చు, మనిషికి పంపలేరు. అంటే హోటల్ క్యూఆర్‌కు పడుతుంది, "నా ఫోన్‌పేకి కొట్టేయండి సార్" అని కుర్రాడు తన నంబరు చూపిస్తే పడదు. ఆయన ఊళ్ళు తిరిగే మనిషైతే తీసుకోవచ్చు. మూడు వారాల భోజనం కోసమే అయితే అంత శ్రమ అక్కర్లేదు, నగదు చాలు.

నగదుకు చిల్లర కావాలి. ఏటీఎం ఇచ్చేది ఎక్కువగా 500 నోట్లే. 180 రూపాయల టిఫిన్‌కు 500 ఇస్తే కుర్రాడి దగ్గర మిగతా 320 ఉండదు, పొద్దున్న మొదటి ఆర్డరైతే అసలే ఉండదు. పది, ఇరవై, యాభై నోట్లు ఓ డబ్బాలో వేసి గుమ్మం దగ్గర పెట్టండి. జొమాటోలో మిగతా డబ్బును యాప్ ఖాతాలో వేయించుకునే ఏర్పాటు 2024లో వచ్చింది, కానీ ఇంకో వారంలో దేశం దాటే మనిషికి దానివల్ల లాభం లేదు. ఆర్డరు మొత్తం బాగా పెద్దదైతే నగదు అవకాశమే కనిపించకపోవచ్చు, రెండుగా విడగొట్టి పెట్టుకోవాలి.

చిరునామా దగ్గరికి వద్దాం. అమలాపురం ఫ్లాటుకు ఇబ్బంది లేదు. పిన్‌కోడ్ 533201, గడియార స్తంభం నుంచో నల్ల వంతెన నుంచో గుర్తు చెబితే కుర్రాళ్ళకు సరిపోతుంది. అయితే యాప్ తెరవగానే అది పట్టుకున్న లొకేషన్‌ను అలాగే ఒప్పుకోకూడదు. అపార్ట్‌మెంటు లోపల జీపీఎస్ పక్క సందులోకి జారుతుంది. బాల్కనీలోకి వెళ్ళి నిలబడి, మ్యాపులో గుర్తును వేలితో జరిపి గేటు మీద పెట్టాలి. ఇంటి మీద కాదు, బండి ఆగే గేటు మీద. చేసేశాక పేరు పెట్టి సేవ్ చేస్తే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

గుర్తులు రాసేటప్పుడు కోనసీమలో కొబ్బరి చెట్టు గుర్తు కాదని గుర్తుంచుకోండి. "రామాలయం వెనక రెండో సందు, కాలువ వంతెన దాటగానే కుడి వైపు, నీలం గేటు" అని తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో రాసినదానికన్నా కుర్రాడు తొందరగా చదువుకుంటాడు. అల్లుడుగారి పేరు ఒక్కటే పెడితే ఊళ్ళో అడిగినా ఎవరూ చెప్పలేరు. "ఫలానావారి అల్లుడు" అని ఇంటిపేరుతో రాయండి, పల్లెలో దారి చూపేది ఇంటిపేరే.

మీ ఊరి సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. యాప్‌లో హోటళ్ళు కనిపించడం అనేది హోటల్ నుంచి మీ ఇంటికి ఉన్న దూరం మీద, ఆ గంటలో ఎంతమంది కుర్రాళ్ళు పనిలో ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. సాధారణంగా ఆరేడు కిలోమీటర్లు దాటితే జాబితా చిక్కిపోతుంది. మధ్యాహ్నం నాలుగు హోటళ్ళు చూపించిన చోట రాత్రి తొమ్మిదికి "మీ ప్రాంతానికి సేవలు లేవు" అని రావచ్చు. యాప్ చెడిపోలేదు, అంత దూరం రావడానికి ఎవరూ లేరంతే. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరంలలో ఉన్నంత వీలు అంబాజీపేట వైపు ఉంటుందనుకుని రావద్దని అమ్మాయికి ముందే చెప్పండి.

గోదారి పాయలు ఇంకో మెలిక. అంతర్వేది చూడ్డానికి వెళ్ళి సఖినేటిపల్లి వైపు బస చేస్తే, మ్యాపులో నర్సాపురం హోటళ్ళు ఎదురుగా ఉంటాయి. మధ్యలో గోదారి పాయ వశిష్ఠ ఉంది, దాటించేది పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకునే పెద్ద పడవ. రోడ్డున రావాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య ఇంకో పాయ గౌతమి దగ్గరా అంతే. దగ్గరగా ఉన్నట్టు కనిపించిన హోటల్ ఏ ఒడ్డున ఉందో చూడకుండా ఆర్డరు పెడితే గంట తరవాత రద్దయినట్టు మెసేజీ వస్తుంది. దిండిలో రిసార్టులోనో హౌస్‌బోటులోనో ఉంటే అక్కడి వంటగదిలోనే చెప్పుకోవాలి. జనవరిలో వరద బెడద లేదు. ఇంకెప్పుడైనా జులై నుంచి సెప్టెంబరు లోపు వస్తే, ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఎగరేశారన్న వార్త వినగానే లంక గ్రామాల (నది మధ్య దీవుల్లోని ఊళ్ళ) వైపు డెలివరీ ఆశ వదులుకోవాలి, కాజ్‌వేలు మునుగుతాయి.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పనికొచ్చే దారి పాతదే. అంబాజీపేటలో ఒక టిఫిన్ సెంటరు, ఒక కర్రీ పాయింటు, ఒక బిర్యానీ హోటల్ నంబర్లు తీసి పెట్టుకోండి. ఫోన్ చేసి పార్సిల్ కట్టమని, తెలిసిన ఆటో అతనితో తెప్పించండి. రానుపోను ఎంతో ముందే మాట్లాడుకోవాలి. అన్నం ఇంట్లో వండి కూరలు మాత్రం కర్రీ పాయింటు నుంచి తెస్తే వేడి అన్నం దొరుకుతుంది, రుచి చూసి కారం లేనివి ఏరుకోవచ్చు.

కారం గురించి అసలు విషయం ఇది. యాప్‌లో "కారం తక్కువ వేయండి" అని రాస్తే చాలనుకుంటారు. ఆ మాట పనిచేసేది ఆర్డరు వచ్చాక వండే వాటికే. బిర్యానీ పొద్దున్నే పెద్ద డేగిశాలో దమ్ పెట్టేస్తారు, అందులో కారం తీయలేరు. మీల్స్ కూరలు పదకొండు గంటలకే దిగిపోతాయి. తందూరీ చికెన్‌కు కారం, మసాలా పట్టించి ముందే నానబెడతారు. కాబట్టి అల్లుడుగారికి అప్పటికప్పుడు చేసేవి ఎంచండి. ఎగ్ ఫ్రైడ్ రైస్, పచ్చిమిర్చి లేని ఆమ్లెట్, కారప్పొడి చల్లని సాదా దోశ, ఇడ్లీ, పుల్కా ఇలాంటివి. ముద్దపప్పు, నెయ్యి వేసుకుని తింటే కొత్తవాళ్ళకూ నోరు మండదు. పెసరట్టు తెప్పిస్తే పైన అల్లం, పచ్చిమిర్చి ముక్కలు వద్దని విడిగా రాయాలి, లేకపోతే అవి ఉండి తీరతాయి. పిండిలోనే పచ్చిమిర్చి రుబ్బే చోట్లూ ఉన్నాయి, అది ఫోన్లో అడగాలి.

వేరుశనగ ఎలర్జీని మాత్రం యాప్‌లోని ఆ చిన్న పెట్టెకు వదిలేయకండి, దయచేసి. మన టిఫిన్ సెంటర్లలో ఇడ్లీ పక్కన వచ్చేది పల్లీ చట్నీయో, పల్లీ కలిసిన కొబ్బరి చట్నీయో. తెల్లగా ఉన్నంత మాత్రాన కొబ్బరే అనుకోకూడదు. పులిహోరలో పల్లీలుంటాయి, గుత్తి వంకాయ కూరలో పల్లీల ముద్ద ఉంటుంది. వేయించిన నూనె వేరుశనగది కావచ్చు, ఒకే గరిట అన్ని చట్నీల్లోనూ తిరుగుతుంది. ఇక్కడ "పడదు" అంటే అరగదు అనుకుంటారు, కొంచెం తగిలితే ఏం కాదులే అనుకుంటారు. ప్రాణాపాయం అని విప్పి చెప్పాలి. హోటల్‌కు మీరే ఫోన్ చేసి "పల్లీలు తగిలితే ఊపిరాడదండీ, ఆస్పత్రికే" అని చెప్పి, నూనె ఏదో, చట్నీలో ఏముందో అడిగి, అప్పుడు ఆర్డరు పెట్టండి. యాప్‌లో కూడా తెలుగులో ఇలా రాయండి: "పల్లీలు, పల్లీ చట్నీ, వేరుశనగ నూనె ఏవీ వద్దు. ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ. కుదరకపోతే ఆర్డరు రద్దు చేయండి." చట్నీలు అసలు పంపవద్దని చెప్పి, ఇంట్లో చేసిన చట్నీ పెట్టడం ఇంకా మంచిది. జీడిపప్పు కూడా పడదేమో అడిగి తెలుసుకోండి. పనీర్ బటర్ మసాలా లాంటి గ్రేవీల్లో చిక్కదనం జీడిపప్పు ముద్దదే. ఎలర్జీ ముదిరినప్పుడు ఆయన వాడే ఇంజెక్షన్ అమెరికా నుంచే తెచ్చుకోవాలి, ఒకటి కాదు రెండు, చెకిన్ బ్యాగులో కాక చేతి బ్యాగులో. ఏదైనా తేడా వస్తే అది వేసి, 108కి ఫోన్ చేయండి.

కడుపు సంగతి కూడా. పార్సిల్ వచ్చేసరికి ముప్పై నలభై నిమిషాలవుతుంది, తెరవగానే తినాలి, చల్లారితే బాగా వేడి చేసుకోవాలి. బిర్యానీతో వచ్చే పచ్చి ఉల్లిపాయ, పెరుగు చట్నీ మొదటి వారం పక్కన పెట్టమనండి. కొబ్బరి చట్నీ అన్నిటికన్నా ముందు పులుస్తుంది, పొద్దున్నది సాయంత్రానికి ఉంచకూడదు.

వేళలు గుర్తుంచుకోండి. టిఫిన్లు పొద్దున్న ఆరు నుంచి పదిన్నర దాకా, మీల్స్ పన్నెండు నుంచి మూడు దాకా. మూడు నుంచి ఐదు మధ్య చాలా వంటగదులు ఖాళీ, ప్రయాణ బడలికతో నిద్ర లేచేవాళ్ళకు సరిగ్గా అప్పుడే ఆకలేస్తుంది. బ్రెడ్డు, గుడ్లు, అరటిపళ్ళు ఇంట్లో ఉంచండి.

మీరు చెప్పిన తేదీల్లో సంక్రాంతి ఉంది. భోగి, పండుగ, కనుమ మూడు రోజులూ యాప్‌ను లెక్కలోంచి తీసేయండి. హోటళ్ళు సగం మూసేస్తారు, కుర్రాళ్ళు వాళ్ళ ఊళ్ళలో ఉంటారు, రోడ్లన్నీ పందేల జనంతో నిండిపోతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం మీ వైపే కాబట్టి అంబాజీపేట రోడ్డున బండి కదలదు. ఆ మూడు రోజులకు సరిపడా సరుకు ముందే తెచ్చుకోవాలి. పూతరేకులు, మడత కాజాలు ఎలాగూ ఉంటాయి. వాటిలో పల్లీలు కలిసే అవకాశం ఉందేమో కొన్నచోట అడగడం మరచిపోవద్దు.

తేడా వస్తే ఏం చేయాలో చివరిగా చెబుతాను. వేరే వంటకం వచ్చినా, కవరు కారిపోయినా తినక ముందే ఫోటో తీసి యాప్‌లోని హెల్ప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకూడదు, వాటిలో మోసగాళ్ళవి ఉంటాయి. డబ్బు వెనక్కి రావడానికి పిన్ కొట్టాల్సిన పని గానీ, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని గానీ ఎప్పుడూ ఉండదు. ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. రిఫండు వాలెట్‌లోకా, కార్డుకా అని అడిగితే కార్డుకే అనాలి. విదేశీ కార్డుకు చేరడానికి రోజులు పడుతుంది, మారకం రేటు వల్ల సెంట్లలో తేడా కూడా రావచ్చు. తిరుగు ప్రయాణానికి ముందు యాప్‌లో మిగిలిన బ్యాలెన్సు ఖర్చు పెట్టించి, దాచుకున్న కార్డు వివరాలు తీసేయించండి. పాత ఫోను మీ దగ్గరే ఉంటుంది కదా.